సగం బల్ల

పెళ్ళికని కొన్న గోళ్ళరంగు సీసా ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది. కొత్తకోడలు కుంచెని సీసా మూతికి ఒత్తి, ఎక్కువైన రంగు కార్చేసి, ఊపిరి బిగబట్టి, పెసరగింజంత స్క్రూ తలమీద ఒక్క ఎర్రటి చుక్క పెట్టింది.

"దానిక్కూడా సింగారమేనా?" అన్నాడు పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్న మొగుడు.

సింగారం కాదనీ, తాళమనీ చెప్పిందామె. ఆ స్క్రూ ఇసుమంత తిరిగినా పొద్దుటినుంచి పడ్డ పాట్లన్నీ మొదటికొస్తాయి. రంగు ఆరితే రాయిలా పట్టేస్తుంది. మరి నీ గోళ్ళకో అని అడిగాడతను. వాటికి మసి ఉందిగా అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజుల్లో వాళ్ళకి నవ్వడానికి పెద్ద కారణం అక్కర్లేదు. గ్లాసులో నీళ్ళు పోసుకున్నా నవ్వొచ్చేది, ఒలికితే ఇంకా నవ్వొచ్చేది.

వాళ్ళ ముందు నేలమీద పరిచిన పాత కోటుగుడ్డ మీద ఆంప్లిఫయరు కొలువు తీరి ఉంది. చూడ్డానికి ఆంప్లిఫయరులా లేదు. ఇస్త్రీపెట్టెకీ కారుకీ పుట్టిన బిడ్డలా ఉంది. ఒక చెక్కముక్క, దానిమీద కారు వెనక దీపంలో ఉండే బల్బు, దాని పక్కన తోకమీద నిలబెట్టిన ఇస్త్రీపెట్టె అడుగురేకు. ఆ రేకుకి వీపు ఆనించి బిగించిన ట్రాన్సిస్టరు ఒక్కటంటే ఒక్కటి. రెంటికీ నడుమ వేడి దాటాలి గానీ కరెంటు దాటకూడదని పెట్టిన పల్చటి అభ్రకం. కరెంటేమో ఎవరో పారేసిన లాప్‌టాప్ తాలూకు ఛార్జరు ఇస్తుంది. స్పీకరు మాత్రం ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్నదే. సూట్‌కేసులో కొత్తబట్టల మధ్య చుట్టి తెచ్చుకుంది, దాని పక్కనే సోల్డరింగ్ ఐరన్. బట్టలు సర్దిపెడదామని పెట్టె తెరిచిన అత్తగారు ఆ రెండింటినీ చూసి, మళ్ళీ బట్టలు కప్పేసి, ఏమీ ఎరగనట్టే మూత వేసింది.

ఇస్త్రీపెట్టె మామగారిది. ఆయన టైలరు. కోటు కుట్టించుకునే ప్రతివాడికీ ఆయన 'మాస్టారే'. ఇంటి ముందుగదే కొట్టు. లోపలి కాయిలు కాలిపోయి కత్తిరింపుల బల్లకింద ఏళ్ళతరబడి పడి ఉన్న ఆ పెట్టెని ఇవ్వమని కోడలు అడిగితే, అది చచ్చిపోయిందమ్మా, దాన్నేం చేసుకుంటావన్నారు. బతికిస్తానంది. అడుగు విప్పి, ట్రాన్సిస్టరు బిగించడానికి రంధ్రం పెట్టే పని మొగుడికి అప్పజెప్పింది. అతను కళ్ళద్దాల కొట్లో అద్దాలు అరగదీస్తాడు. ఫ్రేము లేని అద్దాలకి రంధ్రం పెట్టాలంటే అతని తరవాతే ఎవరైనా. ఈ ఆంప్లిఫయరు మొత్తంలో అతని వాటా ఆ ఒక్క రంధ్రం.

"క్లాస్ ఎ అన్నావు. క్లాసులో ఫస్టొస్తుందనా?" అని అడిగాడు.

మామూలు ఆంప్లిఫయర్లలో రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా పనిచేస్తాయని చెప్పిందామె. ఒకడు లేస్తే ఒకడు కునుకు తీస్తాడు. చేతులు మారే ఆ క్షణంలో కాస్త తడబాటు ఉంటుంది. ఇది పడుకోదు. పాట ఉన్నా లేకపోయినా కరెంటు ఒకేలా పారుతుంది, బల్బు ఒకేలా వెలుగుతుంది, రేకు ఒకేలా కాలుతుంది. తినేది బండెడు, పాడేది గుప్పెడు. కానీ పాడినంతసేపూ తడబడదు.

అతను వంటింటివైపు చూశాడు. "అంటే మా అమ్మలాగ. మేం ఏ వేళకి లేచినా పొయ్యి వెలుగుతూనే ఉంటుంది."

బాగుందందామె. అప్పటికి ఆ మాట బాగుందని మాత్రమే అనుకుంది.

మధ్యాహ్నం మామగారి అనుమతి తీసుకుని ఆంప్లిఫయరు పెట్టెని ముందుగదిలో గోడవారగా పెట్టారు. ఆయన పాకెట్ రేడియోకి సొంత గొంతు ఏనాడో పోయింది. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగేది. దాని ఇయర్‌ఫోన్ రంధ్రంలోకి వైరు దూర్చి, బల్బు వెలిగించి, మీటరు తీగలు పెట్టి చూసింది. ఛార్జరు ఇచ్చే వోల్టేజీని బల్బూ ట్రాన్సిస్టరూ చెరిసగం పంచుకోవాలి. ఆ సగమే దీని ప్రాణం. రేకు వేడెక్కేకొద్దీ సగం జారిపోతుంటే, మళ్ళీ మళ్ళీ స్క్రూ తిప్పి దాన్ని పట్టుకోవడానికే ఆమెకి పొద్దుటిపూటంతా సరిపోయింది. ఇప్పుడు మీటరులో అంకె కదల్లేదు. ఎర్రచుక్క మెరుస్తోంది.

రేడియోలో ఎవరో ఆవిడ పాత పాటేదో అందుకుంది. గదిలోకి మనిషి వచ్చి నిలబడ్డట్టయింది. మామగారి కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. ఆయన లేచి వచ్చి, రేకుమీద వేలు పెట్టి చటుక్కున తీసి, చేతిలో ఉన్న కాలరు అంచుని దానికి ఒత్తి చూశారు. మడత చక్కగా పడింది.

"పాటకి పాట, ఇస్త్రీకి ఇస్త్రీ," అన్నారు సంబరంగా.

అప్పుడు తెర వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది. "పల్లవి ఎత్తుకునేముందు ఆవిడ గాలి పీల్చుకుంటోంది. ఇన్నేళ్ళుగా వింటున్నా, ఎప్పుడూ వినపళ్ళేదు."

మరెవరూ పట్టించుకోలేదు. కోడలికి మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. ఆ గాలి వినిపించడానికే కదా ఇంత తతంగం.

ముందుగదికీ ఇంటికీ మధ్య తెర ఒకటుంది. కోట్ల లోపల వేసే నున్నటి గుడ్డ మిగుళ్ళన్నీ అతికి కుట్టిన తెర. కొట్లో మనుషులున్నంతసేపూ ఆడవాళ్ళు దాన్ని దాటరు. టీ పళ్ళెం తెర పక్కనుంచి చెయ్యి చాపి అందిస్తే మామగారు అందుకుంటారు. ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా జరిగిపోతోంది. కోడలి కన్ను తెరకి ఆవల ఉన్న కిటికీ పక్క బల్లమీద పడి చాలా రోజులైంది. దానిమీద గుడ్డల మూటలూ పాత కొలతల కాగితాలూ తప్ప ఏమీ లేవు. వెలుతురు దండిగా పడుతుంది. ఆయన సంబరంలో ఉన్నారు కదా అని అప్పుడే అడిగేసింది. ఆ బల్లలో సగం ఖాళీ చేసి ఇస్తే అక్కడ కూర్చుని రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేస్తానంది. తను చదివిందీ అదేనని గుర్తుచేసింది.

"చూద్దాంలేమ్మా," అన్నారాయన.

ఆ ఇంట్లో 'చూద్దాంలే' అంటే ఏమిటో ఆమెకి తెలుసు. గోడకి కొత్త రంగు వేయించడం, పెరటి తలుపు గడియ మార్పించడం, అన్నీ ఇంకా చూస్తూనే ఉన్నారు.

*

మర్నాడు పొద్దున్నే ప్లీడరుగారు వచ్చారు. కొత్త నల్లకోటుకి కొలతలివ్వడానికి పాతకోటు వేసుకునే వచ్చారు. ఆయన లావుపాటి మనిషి. మెట్లెక్కుతూ ఆయాసపడి, గుమ్మంలోనే ఆగిపోయి, చెవి ఒగ్గి విన్నారు.

"మాస్టారూ, ఎవరండీ పాడేది? లోపల మనిషిని కూర్చోబెట్టారా?"

మామగారు టేపు మెళ్ళో వేసుకుని నవ్వారు. "మావాడు చేశాడండీ. ఆ ఇస్త్రీపెట్టె చూశారూ, నాదే. ఒక్క ట్రాన్సిస్టరుతో. మా ఇంటా వంటా చేతిపనే కదా."

ఆ 'మావాడు' అప్పుడే పనికి బయల్దేరుతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ప్లీడరుగారు అతని భుజం తట్టి శభాష్ అన్నారు. అతను తలెత్తి, కాస్త ఎర్రబడి, "ఏదో లెండి," అని నవ్వి వెళ్ళిపోయాడు.

తెర వెనక టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కోడలు దాన్ని అందించకుండా కింద పెట్టేసింది. ఆమెకి కోపమొచ్చింది. మామగారు అన్నందుకు కాదు, మొగుడు నవ్వినందుకు. సొమ్మొకడిది సోకొకడిదని చిన్నప్పుడు బళ్ళో సామెతగా రాస్తే మార్కులొచ్చాయి. అది తనకే జరిగితే ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అవతల ప్లీడరుగారు పాతకోటు విప్పి ఎత్తి చూపిస్తున్నారు. మోచేతులు చిరిగాయట, లోగుడ్డ పోయిందట, కాజాలు మాత్రం ఒక్క పోగు చెక్కుచెదరలేదట. కోర్టులో జడ్జిగారు కూడా అడిగారట, ఈ బొత్తాం కాజాలు ఎవరి చేతివని. మీ చేతిలో ఏదో ఉంది మాస్టారూ అన్నారాయన. అలవాటండీ అన్నారు మామగారు.

కోడలు వెనక్కి తిరిగి చూసింది. వెనకగదిలో, పెరటివైపు ఉన్న చిన్న గవాక్షం కింద, పొట్టి స్టూలుమీద అత్తగారు కూర్చుని ఉంది. వేలికి తొడుగు, ఒళ్ళో ఎవరిదో కోటు. తేనెమైనం ముద్దమీద పట్టుదారాన్ని రెండుసార్లు లాగి, సూదిలో ఎక్కించి, కాజా అంచున కుట్టు పక్కన కుట్టు వేసుకుపోతోంది. అవతల మాటలు ఆవిడకీ వినబడుతున్నాయి. సూది ఎక్కడా ఆగలేదు.

"అత్తయ్యా, కాజాలన్నీ మీరే కుడతారా?" అని అడిగింది, ఆవిడ పక్కన చతికిలబడి.

"కాజాలే. కోటు ఆయనదే."

"మరి వాళ్ళకి తెలీదా?"

అత్తగారు దారం పంటితో కొరికి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. కొట్టుకి ఒక్క చెయ్యే ఉండాలని మామగారు కొట్టు పెట్టిన కొత్తలోనే అన్నారట. నాలుగు చేతులు పడ్డాయంటే జనం నమ్మరట. అయినా కాజా కోటుని వదిలి ఎక్కడికి పోతుందంది ఆవిడ. అని, తెగిన పోగు ఉఫ్‌మని ఊది, తరవాతి కాజాకి కోటు తిప్పుకుంది.

సాయంత్రం పెరట్లో ఆరిన బట్టలు తీస్తూ ఆమె మొగుణ్ణి నిలదీసింది. నలుగురిలో 'మీరు', ఇద్దరే ఉన్నప్పుడు 'నువ్వు' అని వాళ్ళ ఒప్పందం. ఆ సాయంత్రం ఇద్దరే ఉన్నా 'మీరు' అంది. అతనికి అప్పుడే అర్థమైంది వ్యవహారం ముదిరిందని.

నాన్న మాట నలుగురి ముందు ఎలా కాదంటానన్నాడు. నిన్ను తక్కువ చెయ్యాలని కాదన్నాడు. ఒక్క మాటకే అంత కోపమా అన్నాడు. ఆమె ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క క్లిప్పు ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది. చివరికి చొక్కా జేబులో తన చిన్న స్క్రూడ్రైవరు కూడా పెట్టింది.

"చేసింది మీరు కదా. ఉంచుకోండి. రేపటినుంచి దాని మంచీ చెడ్డా మీరే చూసుకోవాలి. నేను ముట్టుకోను."

"ఏయ్ ఇంజినీరూ, నాకు అందులో ఓనమాలు కూడా రావు."

"శభాష్ అన్నప్పుడు వచ్చాయిగా."

ఆ రోజునుంచి అతను ఆ స్క్రూడ్రైవరు జేబులో వేసుకునే తిరిగాడు. తీసి పక్కన పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందో ఒప్పుకోనట్టవుతుందో అతనికి తేలలేదు. పొద్దున్నే పెట్టె దగ్గర నిలబడి, ఎర్రవైరు ఎటు పెట్టాలని తెరవైపు చూసి అడిగాడు. చేసినవాళ్ళకి తెలియాలని తెర వెనకనుంచి జవాబొచ్చింది. మామగారే ఎలాగో పెట్టుకున్నారు. పాట మోగింది. ఆమె గిన్నెలు సర్దుతూ, వద్దనుకుంటూనే, పాడే ఆవిడ గాలి పీల్చుకునే చోటు కోసం చెవి పెట్టి విన్నది.

*

ఆ ఇంట్లో ముసుగు లేని వస్తువు లేదు. ఫ్రిజ్ మీద తెల్లటి అల్లిక, దాని పిడికి ఒక తొడుగు, టీవీకి నీలిది, మిక్సీకి గులాబీలది, కుట్టుమిషనుకి లోగుడ్డ వేసి కుట్టినది. అన్నీ అత్తగారు క్రోషా సూదితో అల్లినవే. దుమ్ము పడుతుందని ఒక కారణం, చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని ఇంకో కారణం. బల్బూ రేకూ వైర్లూ బయటికి కనబడుతున్న ఆ కొత్త పెట్టె ఆవిడకి స్నానం చేసి బట్టలు కట్టుకోకుండా తిరిగే పిల్లాడిలా కనబడింది. కోడలు రెండ్రోజులుగా మొహం ముడుచుకుని ఉండటం కూడా ఆవిడ చూసింది. ఏమీ అడగలేదు. అడగడం ఆవిడ పద్ధతి కాదు, అల్లడం పద్ధతి. శనివారం పనులయ్యాక కూర్చుని, చుట్టూ గులాబీలతో తొడుగు అల్లి, లోపల దుమ్ము చొరకుండా కోటు లోగుడ్డ వేసి, ఎవరికీ చెప్పకుండా పెట్టెకి తొడిగింది. రేకు కొసన పడేచోట ఒక కుచ్చు కూడా పెట్టింది.

ఆదివారం ప్లీడరుగారు కోటు తొడిగి చూసుకోడానికి వచ్చారు. ఇంకా కాజాలు పడలేదు, తరవాత ఊడదీసే తెల్ల టాకాలతో ఉంది. మామగారు ఆయన వీపున సుద్దతో గీతలు పెడుతూ, కొడుకుని పాట పెట్టమన్నారు. సెలవు కాబట్టి అతను ఇంట్లోనే ఉన్నాడు. తొడుగు కింద చెయ్యి దూర్చి స్విచ్చి వేశాడు. గులాబీల కన్నాల్లోంచి వెలుగు వస్తుంటే భలే ఉందన్నారు ప్లీడరుగారు.

మొదటి పాట బాగానే ఉంది. రెండో పాటకి గొంతు కాస్త బరువెక్కింది. మూడో పాటలో ఆవిడకి పడిశం పట్టింది. వెనకగదిలో కాయగూరలు తరుగుతున్న కోడలు కత్తి కింద పెట్టేసింది. ఆ గొంతు ఎందుకలా అవుతుందో ఆమెకి పక్కా తెలుసు. వేడి బయటికి పోవడం లేదు. పోకపోతే ట్రాన్సిస్టరు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, సగం సగంగా ఉండదు. కానీ ఎందుకు పోవడం లేదు? పెట్టెకి తొడుగు పడిందని ఆమెకి తెలియదు. ముట్టుకోనని పట్టిన పంతం ఒకటి అడ్డంగా కూర్చుంది.

అవతల ప్లీడరుగారు నవ్వుతూ, గాయనికి జలుబు చేసిందల్లే ఉంది అంటున్నారు. "ఏరా, చూడు," అన్నారు మామగారు. కొడుకు పెట్టె దగ్గర వంగాడు. చెయ్యి పెట్టి అబ్బా అని తీశాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

అప్పుడు కమురు వాసన వచ్చింది.

తెర పక్కకి తొలిగిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. చేతికి అంటిన వంకాయ మరకలతోటే ఆమె గది మధ్యకి వచ్చేసింది. స్విచ్చి ఆర్పింది. తొడుగుని కుచ్చు పట్టుకుని ఒక్క లాగు లాగింది. లోగుడ్డమీద బల్బు ఆనినచోట గుండ్రంగా గోధుమరంగు మచ్చ పడింది, అంచున సన్నగా పొగ.

"నువ్వు లోపలికెళ్ళమ్మా. వాడు చూసుకుంటాడు," అన్నారు మామగారు, మెల్లగా, సుద్దముక్క చేతిలోనే పట్టుకుని.

"ఆయనకి రాదు మామయ్యా," అందామె. గొంతు పెంచలేదు. "చేసింది నేను."

మొగుడు ఒకడుగు ముందుకొచ్చి స్క్రూడ్రైవరు ఆమెకి ఇచ్చాడు. "నిజమే నాన్నా. నాది ఒక్క రంధ్రం," అన్నాడు. ఇన్నాళ్ళ బరువు దిగినట్టు అతని భుజాలు కిందికి జారాయి.

ఆమె దాన్ని బల్లమీద పెట్టేసింది, అక్కర్లేకపోయింది. రేకు చల్లారేదాకా ఆగింది. ప్లీడరుగారు ఒక చెయ్యి కోటులోనూ ఒక చెయ్యి బయటా పెట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆమె మళ్ళీ స్విచ్చి వేసి, మీటరు తీగలు ఆనించి, రేకు వేడెక్కేదాకా అంకెనే చూసింది. సగానికొచ్చి ఆగింది. స్క్రూమీద ఎర్రచుక్క చెక్కుచెదరలేదు. రేడియో వైరు పెట్టగానే పాట స్వచ్ఛంగా వచ్చింది.

"ఏం చేశావమ్మా?" అని అడిగారు ప్లీడరుగారు, నిజంగానే తెలుసుకోవాలని.

"ఏం చెయ్యలేదండీ. ముసుగు తీశాను."

ఆయన పెద్దగా నవ్వారు. "మాస్టారూ, అదృష్టవంతులు. ఇంట్లో ఇద్దరు పనివాళ్ళు. కాజాలకి మీరు, పాటలకి మీ కోడలు."

ఆ మెప్పు పుచ్చుకుని తెర వెనక్కి వెళ్ళిపోవచ్చు. నాలుగు రోజులుగా ఆమె ఎదురుచూసింది ఈ మాటకోసమే. కానీ నోట్లో అది చప్పగా తగిలింది. చేతిలో కాలిన తొడుగు ఇంకా వెచ్చగా ఉంది.

"కాజాలు అత్తయ్యవండి," అంది.

మామగారు సుద్దముక్కని బల్లమీద పెట్టారు. పెట్టిన చోటునుంచి అది దొర్లి కిందపడితే తీయలేదు. ప్లీడరుగారు కోటు విప్పి, రేపొచ్చి తీసుకుంటానని చెప్పి, నవ్వకుండా వెళ్ళిపోయారు.

*

ఆ పగలంతా కొట్లో పాట లేదు. మామగారు బల్బు ఆర్పేసి, తలవంచుకుని చేతికుట్టు పని చేసుకున్నారు. అన్నానికి పిలిస్తే వచ్చి తిని వెళ్ళారు. కోపంగా ఒక్క మాటన్నా బాగుండేదనిపించింది కోడలికి.

అత్తగారు అంది. అందరికన్నా ఎక్కువ కోపం ఆవిడకే వచ్చింది.

"నిన్నెవరు చెప్పమన్నారు? నీ సంగతి నువ్వు చెప్పుకున్నావు, సరే. నా ఊసెందుకు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"దురద ఉంది అత్తయ్యా. మీరు గోక్కోరు, అంతే."

అత్తగారు విసురుగా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. మాట మరీ గట్టిగా అనేశానా అని కోడలికి బెంగ పట్టుకుంది. ఆవిడ అల్లిన తొడుగు తన పెట్టెవల్ల కాలింది, ఆవిడ దాచుకున్నది బయట పెట్టింది, పైగా ఎదురు చెప్పింది. అయినా ఆ మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. మొగుడు వచ్చి పక్కన కూర్చుని కాయగూరల కత్తి అందుకున్నాడు. వంకాయలు అడ్డదిడ్డంగా తరిగాడు. ఇంకెప్పుడూ నవ్వననీ, అంటే అలా నవ్వననీ, మామూలుగా నవ్వుతాననీ చెప్పాడు. ఆమెకి నవ్వొచ్చింది. అతన్ని మళ్ళీ 'నువ్వు' అంది. బల్ల సంగతి ఇక మరిచిపోవలసిందేనని మాత్రం ఇద్దరికీ అర్థమైంది.

సోమవారం పొద్దున వంటిల్లు సర్దాక అత్తగారు పొట్టి స్టూలు చంకన పెట్టుకుంది. చేతిమీద ప్లీడరుగారి కోటు వేసుకుంది. వేలితొడుగూ మైనం ముద్దా దారం ఉండా కొంగులో పోసుకుంది. కొట్టు తెరిచి ఉంది, మామగారు గుడ్డ కత్తిరిస్తున్నారు. ఆవిడ భుజంతో తెర నెట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

కోడలు చేతిలో చెంబు పట్టుకుని తెర దగ్గరే ఆగిపోయింది.

అత్తగారు కిటికీ పక్క బల్లమీది మూటలు కొన్ని దించి, ఒక సగం ఖాళీ చేసింది. స్టూలు ఎత్తు చాలలేదు. పక్కకి తన్ని, కుర్చీ లాక్కుంది.

"ఇక్కడెందుకు?" అన్నారు మామగారు.

"వెలుతురుకి. లోపల కళ్ళు లాగుతున్నాయి."

"ఎవరైనా వస్తారు."

"రానీండి. కోటు కొట్లోనే కుడతారని వాళ్ళకి తెలుసుగా."

ఆయన కత్తెర తెరిచి పట్టుకుని చాలాసేపు చూశారు. ఆవిడ చూడలేదు. కాలిన తొడుగుని నాలుగు మడతలు పెట్టి, గులాబీలు కిందికి పోయేలా కుర్చీమీద వేసుకుని, దానిమీద కూర్చుంది. దారం మైనంమీద లాగింది. మొదటి కాజాకి సూది దించాక అప్పుడు తలెత్తింది.

"అమ్మాయ్, అక్కడ నిలబడిపోయావేం? మిగతా సగం ఖాళీ చేసుకో. అన్నీ నేనే మొయ్యలేను."

ఆమె తెర దాటింది. మూటలు దించబోతుంటే మామగారు గబగబా వచ్చి అడ్డుపడ్డారు. ఆయన మూటల కింద ఉన్న పాత కొలతల కాగితాలు రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తుకున్నారు. నలిపేస్తారు మీరు, అని గొణుక్కుంటూ తన బల్లకిందికి తీసుకుపోయారు. తిరిగి వెళ్తూ, ఎవరి మొహం చూడకుండా, గోడవార ఉన్న పెట్టె స్విచ్చి వేశారు.

కోడలు పెట్టెని తెచ్చి బల్లమీద తన సగంలో, కిటికీ గాలి తగిలేలా నిలబెట్టింది. మీటరూ సోల్డరింగ్ ఐరనూ పక్కన పెట్టుకుంది. పనికెళ్ళబోతున్న మొగుడు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసి, ఆ స్క్రూడ్రైవరు తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళాడు.

రేడియోలో వార్తలు అయిపోయాయి, పాట ఇంకా మొదలవలేదు. బల్బు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతోంది. దాని వెలుగు అత్తగారి వేలితొడుగుమీద పడి మెరుస్తోంది.

మెట్లమీద ఆయాసం వినబడింది. ప్లీడరుగారు గుమ్మంలోకి వచ్చి, కిటికీ వైపు చూసి, ఒక క్షణం తడబడి, మాస్టారి వైపు తిరిగారు.

"కోటు అయిందా మాస్టారూ?"

మామగారు పళ్ళమధ్య గుండుసూదులు పెట్టుకుని ఉన్నారు. ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చారు. ఆఖరిది కూడా గుచ్చాక, గడ్డంతో కిటికీ పక్కకి చూపించారు.

"ఆవిడనడగండి."

అత్తగారి సూది గుడ్డలో సగం దిగి ఆగింది. కోడలు ఊపిరి బిగబట్టింది. పెట్టెలోంచి, పాటకి ముందు, ఎవరో గాలి పీల్చుకున్నారు.

"ఒక్క కాజా ఉంది," అంది అత్తగారు, సూది అవతలికి లాగుతూ. "కూర్చోండి."